మకెరీటా కూర్చోనన్న కుర్చీ

పొద్దున తొమ్మిదింటి నుంచీ ఫువాతినోకి కాలు ఒకచోట నిలవడం లేదు. పార్లమెంటు చూడ్డానికి వచ్చేవాళ్ళ సంచులు తీసి దాచడం, నిక్కర్లతో వచ్చినవాళ్ళకి నడుముకు చుట్టుకోమని లవలవా గుడ్డ ఇవ్వడం, మాట్లాడకూడదు, ఫోను మోగకూడదు, కుర్చీలోనే కూర్చోవాలి అని చెప్పి పై బాల్కనీకి పంపడం ఆమె ఉద్యోగం. ఎనిమిది నెలలుగా చేస్తోంది, నిద్రలో లేపి అడిగినా ఒప్పజెబుతుంది. ఇవాళ మాత్రం ఒక్క ముసలావిడ దగ్గర ఆ విద్యంతా పారలేదు.

ఆవిడ పేరు మకెరీటా. సవాయీ దీవి నుంచి మొదటి పడవలో వచ్చింది. వాళ్ళ ఊరి ఆసుపత్రిలో ఉన్న ఒకే ఒక్క నర్సును పట్నానికి మార్చే సంగతి ఇవాళ సభలో తేలుతుంది. ఆ ఆసుపత్రి గోడలు ఊరి మహిళా కమిటీ కట్టించినవే. నర్సును వదిలేది లేదని కమిటీ గట్టిగా చెప్పింది. ఆ మాట సభలో చెప్పాల్సినవాడు వాళ్ళ ఊరి సభ్యుడు లావాసీ. స్వయానా మకెరీటా మేనల్లుడు. చెప్పాడో లేదో చెవులారా విని రమ్మని కమిటీ ఆవిడను పంపింది.

"పైకి వెళ్ళండి పెద్దమ్మా, మొదటి వరుస ఖాళీగా ఉంది."

"పైకా? కింద సభలో ఊళ్ళ పెద్దలంతా కూర్చునుంటే నేనెళ్ళి వాళ్ళ నెత్తి మీద కూర్చోవాలా? మీ అమ్మ నీకేం నేర్పిందే?"

"ఇక్కడి పద్ధతి అంతే. వచ్చినవాళ్ళందరూ పైనే కూర్చుంటారు."

"ఊళ్ళు చూడ్డానికొచ్చినవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళకేం తెలుసు, పాపం."

"అక్కడున్నది మీ మేనల్లుడే కదా!"

"ఇంట్లో మేనల్లుడు. ఊరి బిరుదిచ్చాక పెద్ద. వాడికే ఇద్దామని పట్టుబట్టింది నేను."

అని, బయటి హాల్లో గోడకున్న, సభ మాటలు వినిపించే స్పీకరు పెట్టె కింద చాప పరుచుకుని, కాళ్ళు మడిచి కూర్చుంది. ఫువాతినోకి మొహం వేడెక్కింది. రోజుకు ఇరవైసార్లు పెద్దల తలల మీదుగా టకటకా తిరుగుతుంది, ఒక్కనాడైనా నడుం వంచిన గుర్తు లేదు.

అంతలో పైఅధికారి ఎలియా వచ్చాడు.

"ఏంటిది ఫువాతినో? నేల మీద ఎవర్నీ కూర్చోనివ్వకూడదని తెలీదా? ఎవరైనా తట్టుకుని పడితే నువ్వు లేపుతావా?"

"చెబితే వినట్లేదండీ. మీరు చెప్పి చూడండి."

ఎలియా చాప వైపు రెండడుగులు వేశాడు. మకెరీటా తలెత్తి చూసింది. అంతే, ఆయన నడుం దానంతటదే వంగింది. పెద్దల ముందు నుంచి వెళ్ళేటప్పుడు అందరూ మన్నించమంటూ అనేట్టే "తులో, తులో" అని గొణుక్కుంటూ పక్క నుంచి జారుకున్నాడు. తన గదిలోకి వెళ్తూ మాత్రం ఫువాతినో మీద కళ్ళెర్రజేశాడు.

పదింటికి రావాల్సిన నర్సు సంగతి పదకొండైనా రాలేదు. చేపల పన్ను మీద ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. ఆఖరి పడవ నాలుగింటికి. దాన్ని అందుకోవాలంటే పన్నెండున్నర బస్సు ఎక్కాలి. ఫువాతినో పైకెళ్ళి తొంగిచూడడం, కిందికొచ్చి గడియారం చూడడం, కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. ఆవిడ తన ఊరిది కాదు, బంధువు కాదు, తనకెందుకింత ఆరాటమో ఆమెకే తెలియలేదు.

"కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది మకెరీటా విసనకర్ర ఊపుతూ.

పన్నెండు దాటి పది నిమిషాలకు పెట్టెలోంచి లావాసీ గొంతు వినిపించింది. దేవుణ్ణి తలిచాడు, సభకు వందనాలు చెప్పాడు, సముద్రం మీద ఓ సామెత వేశాడు. మకెరీటా మొహం వెలిగింది. "గొంతు అచ్చం మా అన్నదే" అంది.

"మా ఊరి ఆడవాళ్ళు పెద్ద మనసున్నవాళ్ళు" అన్నాడు లావాసీ. "దేశం బాగు కోసం నర్సును సంతోషంగా పంపుతామన్నారు."

విసనకర్ర ఆగిపోయింది.

"ఏమన్నాడే?"

"సంతోషంగా పంపుతామన్నారట."

"ఎవరు?"

ఫువాతినోకి చెప్పబుద్ధి కాలేదు. "మీరే, పెద్దమ్మా" అంది.

ఆవిడ పైకెళ్ళి కేకలు పెడుతుందేమోనని ఫువాతినో భయపడింది. బాల్కనీలో నోరెత్తినవాళ్ళను రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్ళడం రెండుసార్లు చూసింది. మకెరీటా కేకలు పెట్టలేదు. చాప చుట్టి ఫువాతినో చేతికిచ్చింది.

"ఆ కుర్చీ ఎక్కడుందన్నావ్?"

మెట్లన్నీ ఎక్కింది. ఎక్కడా వంగలేదు, తులో అనలేదు. లావాసీకి సరిగ్గా ఎదురుగా, మొదటి వరుసలో, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. మాట్లాడలేదు, ఫోను మోగలేదు, కుర్చీలోనే ఉంది. ఎలియా వచ్చి వెతికినా పట్టుకోవడానికి తప్పు దొరకదు.

లావాసీ ఇంకో సామెత మొదలుపెట్టి తలెత్తాడు. మేనత్త కనిపించింది, పైన. సామెత సగంలో తెగిపోయింది. పక్కనున్న పెద్దలు అతని చూపు వెంట తలలెత్తారు. వాళ్ళంతా ఊళ్ళలో పుట్టినవాళ్ళే, ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేకపోయింది. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. లావాసీ గ్లాసెడు నీళ్ళు తాగాడు.

"సభాపతిగారూ, నా మాట సరిచేసుకుంటున్నాను. మా మహిళా కమిటీ ఒప్పుకోలేదు. నర్సును వదిలేది లేదన్నారు."

కమిటీతో మాట్లాడేదాకా బదిలీ ఆపుతున్నామని మంత్రి లేచి చెప్పాడు.

మకెరీటా ఫువాతినో భుజం పట్టుకుని దిగింది. ఏడుస్తోంది.

"మా అన్న బతికుంటే ఈ జన్మలో నా మొహం చూసేవాడు కాదు."

"మీరేం తప్పు చేశారు? అంతా పద్ధతి ప్రకారమే కూర్చున్నారు కదా."

"నీ పద్ధతి సంగతి నీకు తెలుసు. నేనేం చేశానో నాకు తెలుసు. వాడికీ తెలుసు."

బయట బస్సు హారను కొట్టింది. ఆవిడ చాప అందుకుని చంకన పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంది.

"ఆదివారం ఊరికొస్తాడు. వాడి గుమ్మం బయట నేల మీద కూర్చుని క్షమించమని అడుగుతాను" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నర్సును పక్కన కూర్చోబెట్టుకునే అడుగుతాన్లే."