సీసాకు తొడిగిన సాక్సు

మూడింటికల్లా పాపకు పది మిల్లీల తల్లిపాలు కావాలని చెప్పి వెళ్లింది డాక్టరమ్మ. లేకపోతే ఈ పూటకు డబ్బా పాలే. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. ఆమె రొమ్ముకు పెట్టుకున్న పాలు తీసే పంపు గుర్రుగుర్రుమంటూ లాగుతూనే ఉంది కానీ, సీసా అడుగున మొదటి గీత కూడా తడవలేదు.

ఏడో నెలలోనే తొందరపడి వచ్చేసిన పాప పక్క గదిలో అద్దాల పెట్టెలో ఉంది. పన్నెండు రోజులైంది. బరువు కిలో రెండు వందలు.

"వచ్చిందా?" వెనక నుంచి ఆమె తల్లి భుజం మీదుగా తొంగిచూసింది.

"ఇప్పుడే కదమ్మా అడిగావు!"

"అడక్కుండా ఎలా ఉంటానే? నువ్వు పుట్టినప్పుడు నాకు జాకెట్లు తడిసిపోయేవి."

ఆ మాటకు ఆమె ఒళ్లు ఇంకా బిగుసుకుంది. పొయ్యి మీది గిన్నెకు కాపలా కాస్తున్నట్టు సీసానే చూస్తూ కూర్చుంది.

అప్పుడే నర్సు లోపలికి వచ్చింది. "భుజాలు చెవుల దాకా ఎక్కాయి, దించండి. ఊపిరి మెల్లగా వదలండి. సీసా వైపు చూడకండి."

ఆమె ఊపిరి వదిలింది. కళ్లు మాత్రం సీసాను వదల్లేదు.

నర్సు ఒక్క క్షణం ఆలోచించి, కిటికీ దగ్గరున్న ఊలు సాక్సు అందుకుంది. అమ్మమ్మ అల్లినదే. పాపకు తొడ దాకా వచ్చిందని పక్కన పెట్టేశారు.

"ఉతికిందేనా, అమ్మమ్మగారూ?"

"రెండుసార్లు."

నర్సు దాన్ని సీసాకు తొడిగింది. గీతలన్నీ మాయమయ్యాయి.

"అయ్యో, పాప కోసం అల్లానమ్మా!"

"పాప కాలు ఎదిగేదాకా సీసా వేసుకుంటుంది. మీరేమో 'వచ్చిందా' అనకుండా పిడికిలితో వీపు రుద్దండి. వెన్నెముకకు అటూ ఇటూ, గుండ్రంగా."

"నన్ను నోర్మూసుకోమని ఇంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు," అందావిడ.

ఆమెకు పుసుక్కున నవ్వొచ్చింది. పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి.

వీపు మీద అమ్మ పిడికిలి తిరుగుతోంది. చిన్నప్పుడు దగ్గొస్తే వీపు రాసిన చెయ్యే. భుజాలు వాటంతటవే దిగాయి. కాసేపటికి పాలు చేపుకొచ్చి రొమ్ములో సన్నగా సూదులు గుచ్చినట్టయింది. సాక్సు లోపల ఏం జరుగుతోందో తెలియడం లేదు. చూడాలని ప్రాణం కొట్టుకుంది. వెనక వాళ్లమ్మ "వచ్..." అని, మిగతా సగం మింగేసింది.

మూడింటికి ఇంకా ఐదు నిమిషాలుందనగా నర్సు సాక్సు కిందికి లాగి చూసింది.

"ఎనిమిది."

రెండు తక్కువ. ఆమె చూపు గడియారం మీదికి పోబోయి ఆగింది.

"సిస్టర్, అది మళ్లీ తొడిగేయండి," అంటూ ఆమె కళ్లు మూసుకుంది. "అమ్మా, నువ్వు ఆపకు."