ప్రేమతో పెరిగిన ఆస్పరాగస్

"మొక్కకు కావలసింది ప్రేమండీ. మిగతావన్నీ వేషాలు," అంటున్నారు మా వారు, తోటల పత్రిక నుంచి వచ్చిన అమ్మాయితో. నేను ఆ మొక్క కిందే చతికిలబడి, నేల మీద రాలిన పచ్చని నలుసులు ఏరుతున్నాను. ఫొటోలో గచ్చు శుభ్రంగా పడాలట.

మొక్క ఆస్పరాగస్ ఫెర్న్. పేరులో తప్ప ఫెర్నులతో దానికి చుట్టరికం లేదు. ఆకుల్లా కనిపించే ఆ సన్నని నూగు కూడా నిజానికి ఆకులు కాదు, రూపం మార్చుకున్న కొమ్మలు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కనుక ఇవి నాకు తెలుసు. అక్కడే ప్రిన్సిపాలుగా చేసిన మా వారికి తెలియనవసరం లేదు. ఆయనకు ప్రేమ ఉంది. రోజూ కాఫీ కప్పుతో దాని ముందు నిలబడి నాలుగు మంచి మాటలు చెబుతారు. ఆయన ప్రసంగాలు విని ఏపుగా ఎదిగిన ప్రాణి ఆ కాలేజీలోగాని, ఈ ఇంట్లోగాని మరొకటి ఉన్నట్టు నాకింతవరకు దాఖలా దొరకలేదు.

ప్రసంగం ముగిశాక మట్టిలో వేలు గుచ్చి తడి చూసేది నేను. ఎండ నేరుగా తగలకుండా కుండీ జరిపేదీ, పండుబారిన కొమ్మల్ని మొదలంటా కత్తిరించేదీ, దుంపవేళ్ళు కుండీ నిండా బిగుసుకుంటే విడదీసి నాటేదీ నేనే. మా ఇంట్లో దాన్ని పని అనరు. "దానికేం, ఊసుపోక మట్టి పిసుకుతుంది. మావాడి హస్తవాసి అలాంటిది," అంటారు మా అత్తగారు.

"నీళ్ళెప్పుడెప్పుడు పోస్తారు సర్?"

"రోజూ. కడుపారా."

అలా పోస్తే వేళ్ళు కుళ్ళి చస్తుంది. ఇలాంటి చోట నేను మెల్లగా దిద్దడం, ఆ దిద్దుబాటును ఆయన తన మాటగా వినిపించడం మా దాంపత్యంలో స్థిరపడిన పద్ధతి. అలవాటుకొద్దీ నోరు తెరవబోయాను.

"మీ పేరుతో నెలనెలా ఒక వ్యాసం కావాలంటున్నారు మా ఎడిటర్‌గారు," అంది అమ్మాయి.

"దానిదేముంది! మా ఆవిడ ఉందిగా, రాసి పెడుతుంది."

నన్ను అడగను కూడా లేదు. తెరిచిన నోరు మూసేశాను.

"మొక్కని కాస్త దగ్గరికి తీసుకోండి సర్, ఫొటో తీస్తాను."

మా వారు పసిపిల్లను ఎత్తుకోబోయినట్టు రెండు చేతులూ ఆ పచ్చదనంలోకి దూర్చారు. మరుక్షణం "అబ్బా!" అంటూ వెనక్కి లాక్కున్నారు. వేలి కొసన నెత్తురు.

"దీనికి ముళ్ళున్నాయా?"

అమ్మాయి కెమెరా దించింది. "మొక్కన్నాక ముల్లుండదట్రా?" అన్నారు గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు, వెంటనే నావైపు తిరిగి, "నువ్వైనా చెప్పొద్దుటే?"

"సర్, ఈ మొక్కని పదేళ్ళుగా మీరే పెంచుతున్నానన్నారు కదా?"

ఆయన నన్ను చూశారు. నవ్వేసి మాట మార్చమని అడిగే చూపు అది. నేను నలుసులు ఏరుతూనే ఉన్నాను.

"ఈమధ్యే వచ్చుంటాయి," అన్నారు. "కదోయ్?"

"మొదట్నించీ ఉన్నాయి," అన్నాను లేస్తూ. "చెయ్యి పెట్టినవాళ్ళకు తెలుస్తుంది."

తర్వాత ఆ అమ్మాయితో చెప్పాను: "వ్యాసాలు రాస్తానమ్మా, నా పేరుతో. మొదటిది రోజూ నీళ్ళు ఎందుకు పోయకూడదో. ఫొటో ఇప్పుడే తీసుకో. ఆయన్ను కాస్త పక్కకు జరగమను."