గుమ్మంలో నీలి గీత

...లేదా కారు తలుపు సరిగా పడలేదేమో. కానీ మధ్యాహ్నం తనే రెండుసార్లు లాగి చూశాడు, పడింది. తాళంచెవి తన జేబులోనే ఉంది. అయినా కింద కారు గుమ్మంలో నీలంగా ఒక గీత వెలుగుతోంది. వరుసగా ఇది మూడో సాయంత్రం.

దేవీప్రసాద్ రెండో అంతస్తు బాల్కనీ వదల్లేదు. రెండో తాళంచెవి బీరువాలో ఉంటుంది. భార్య సత్యశ్రీ పాల ప్యాకెట్టుకని దిగి అరగంటయింది. కూర్మన్నపాలెంలో పాలకి అరగంట పట్టదు.

కారు గుమ్మానికి, తలుపు తీస్తే వెలిగే లైటు పట్టీలు వేయించింది అందం కోసమేనని తనకి తనే చెప్పుకున్నాడు. ఆ రోజు గాజువాకలో కారు ఎలక్ట్రీషియన్ సూరన్న డోరు కింది ప్లాస్టిక్కు ఊడదీసి, కార్పెట్ కింద వైరు లాగుతూ అడిగాడు.

"కీ లైను నుంచి తీసీమంటావా బావా? కారు ఆన్‌లో ఉంటేనే ఎలుగుతాది. బేటరీకి మంచిది."

"వొద్దు. డోర్ లైటు నుంచి తియ్యి. ఎప్పుడు తలుపు తీసినా ఎలగాల."

"ఎవుల్ని పట్టుకోడానికేటి!" సూరన్న నవ్వాడు.

దేవీప్రసాద్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. అంతకు వారం ముందు డ్రైవరు పక్క సీటు వెనక్కి వాలి ఉంది. అతను చూసింది అంతే. ఆమెను అడగొచ్చు. అడిగితే జవాబు చెబుతుంది. చెప్పాక నమ్మాలి. దీపాన్నయితే ఏమీ అడగక్కర్లేదు.

ఈ మూడు రోజుల్లో అతను మనసులో ఒక మనిషిని తయారుచేశాడు. ముందు గొంతు, తర్వాత చొక్కా. నిన్న ఆ మనిషికి తన షిఫ్టులో పనిచేసేవాడి మీసం పెట్టాడు.

చెప్పులు లేకుండానే మెట్లు దిగాడు. కారు తలుపు జానెడు తెరిచి ఉంది. లాగాడు. వాలిన సీట్లో సత్యశ్రీ కాళ్లు ముడుచుకుని, ఒళ్లో పాల ప్యాకెట్టుతో, కళ్లు మూసుకుని ఉంది. ఫోను కూడా లేదు. అతను వెనక సీటు కేసి చూశాడు.

"డిక్కీ కూడా సూసుకో బావా," అంది, కళ్లు తెరవకుండా.

"ఏటి సేత్తన్నావిక్కడ?"

"ఏటీ లేదు. కూకున్నాను. పైన ఒక గదిలో అత్త టీవీ, ఇంకో గదిలో నువ్వు. నాను తలుపేసుకుని కూకోడానికి ఎక్కడుంది సెప్పు?"

"మరి ఇది తీసుంచీసావేటి?"

ఇప్పుడు కళ్లు తెరిచింది. "ఈ లైటు ఎందుకేయించావో నాకు తెల్దనుకున్నావా? తలుపేసేత్తే ఏటనుకుంటావోనని తీసుంచాను. పైనుంచి సూసుకుంటావు గదా."

అతను తలెత్తాడు. ఇక్కణ్ణుంచి బాల్కనీ రెయిలింగు స్పష్టంగా కనిపిస్తోంది. అక్కడ నిలబడ్డ వాడి మొహం కూడా ఆమెకి కనిపించి ఉంటుంది, మూడు సాయంత్రాలూ.

ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది. అతను రెండు చేతులూ తలుపుకి ఆనించి, మెల్లగా, గడి పడిన చప్పుడు వినిపించేదాకా నెట్టాడు.