ఆత్మకు పది మార్కులు

నర్సింగ్ స్కూలు వాళ్లు ఆ ఏడాదే, 2006లో, పరీక్ష ఫారంలో కొత్త గడి చేర్చారు: ఆధ్యాత్మిక సంరక్షణ, పది మార్కులు. కింద మూడు ప్రశ్నలు. మీ మతం ఏది? మీకు నమ్మకాలున్నాయా? ప్రార్థన చేయమంటారా? మంచం పక్కన నిలబడి అడగాలి, జవాబులు రాయాలి. ఐదు రాకపోతే ప్రాక్టికల్ తప్పినట్టే, ఇంకో ఆరు నెలలు ఆగాలి. గౌడవెల్లిలో కూలికి పోయే తల్లికి ఆ మాట చెప్పడం నాగమణి వల్ల కాదు.

ఆ ప్రశ్నలు ఎవరు రాశారో గాని, కాన్పు గది మొహం చూసినవాళ్లు మాత్రం కాదు. నాలుగో మంచం దగ్గర తోటి విద్యార్థిని సాయిప్రియ మూడూ గడగడా అడిగి, కళ్లు మూసుకుని శ్లోకం చదివి, పదికి పది తెచ్చుకుంది. ఆ మంచంలో ఆవిడకు కావలసింది దుప్పటి.

నాగమణికి ఐదో మంచం వచ్చింది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి కోడలు జంగమ్మ. పొద్దున ఆరింటికి ఆడపిల్లను కని, అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకుంది. పిల్లకు పాలివ్వదు, తాను నీళ్లు ముట్టదు. తొమ్మిదయింది. ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు సన్నబడింది.

"మొదలెట్టమ్మా," అంది పరీక్షకు వచ్చిన పద్మజ మేడం. గుంటూరు మనిషి, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉంది.

నాగమణి ఫారం చంకలో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"ఏందక్కా, ఎవరి మీద అలిగినవ్?"

నేల మీద కూర్చున్న అత్త యాదవ్వ అందుకుంది.

"పిల్ల ఎనక పడ్డ మాయ కోసం బిడ్డా. మా దాంట్ల మాయను ఇంటోళ్ల చేతుల వెట్టాలె, పెరట్ల పాతాలె. అది చేతికి రాంది బాలెంత పాలియ్యది. ఈడ అడిగితే బకెట్ల ఏసినం పో అన్నరు. పోయినసారి గిట్లనే పారేసిండ్రు. గా పిలగాడు తొమ్మిదో దినం పోయిండు."

"అక్కా, మాయ తెస్తే పాలిస్తవా?"

"కండ్లతోని సూసినంక ఇస్త," అంది జంగమ్మ గోడకే.

చెత్త బండి తొమ్మిదిన్నరకు వస్తుంది. నాగమణి లేచి పరుగెత్తింది. పొద్దటినుంచి కాన్పు ఒక్కటే, వెతుకులాట లేదు. చేతులకు తొడుగులేసుకుని, బకెట్లోంచి మాయ తీసి, రెండు కవర్లలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి తెచ్చింది. మూత తీసి జంగమ్మకు చూపించి, డబ్బా యాదవ్వ చేతిలో పెట్టింది.

"అవ్వా, మోకాలు లోతు గుంత తియ్యి. కుక్కలు తోడొద్దు. వట్టి చేతుల్తోని ముట్టకు. మీద సున్నం పొయ్యి."

"నాకు నేర్పుతవానే? నువ్వు పుట్టకముందు ఎన్ని పాతిన!"

"మస్తు పాతినవ్‌లే. సున్నం మాత్రం పొయ్యి."

యాదవ్వ నవ్వుకుంటూ బస్సుకు పోయింది. అత్త గుమ్మం దాటేదాకా చూసి, జంగమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. పిల్ల జుర్రుకుంటుంటే చెంబెడు నీళ్లు తాగింది. కాసేపటికి ఇద్దరికీ కునుకు పట్టింది.

"ఒక్క ప్రశ్నా అడగలేదు నువ్వు," అంది పద్మజ. "గడులన్నీ ఖాళీ. ఇప్పుడైనా లేపి అడుగు, మార్కులు వేస్తాను."

"లేపను మేడం. రాత్రంతా నొప్పులు వడ్డది, ఇప్పుడే పండుకుంది."

"సున్నా వేస్తే?"

"ఏసుకోండ్రి. మల్లొచ్చి రాస్త. గప్పుడు గూడ లేపను."

పద్మజ ఫారం లాక్కుని మంచం వంక చూసింది. నిద్రలోనూ పిల్ల పెదాలు కదులుతున్నాయి. మూడు గడుల మీదా అడ్డంగా గీత కొట్టి, 'అడగక్కరలేకపోయింది' అని రాసి, ఎనిమిది వేసి సంతకం పెట్టింది.

నాగమణి తొంగిచూసింది.

"గా రెండు ఎందుకు కోసిండ్రు మేడం?"

"నన్నడక్కుండా బకెట్టు ముట్టుకున్నందుకు."

"అడిగితే ఇచ్చేటోళ్లా?"

పద్మజ పెన్ను మూత బిగించింది.

"ఇచ్చేదాన్ని కాదు," అని, ఆరో మంచం వైపు నడిచింది.