ఎడమకి లాగే జీపు

జెఫ్రీ తెచ్చిన జీపుని చూసి ఆమోసుకి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

ముప్ఫయ్యేళ్ళ నాటి ఫోర్ వీల్ డ్రైవ్ జీపు అది. రాళ్ళూ గుట్టలూ ఎక్కడానికి పుట్టిన బండి. దాన్ని నేలకి దించి, వెడల్పు టైర్లు వేసి, మలుపుల్లో ఒరగకుండా, తొక్కిన చోట నిలిచేలా, రోడ్డు మీద కారులాగా పరిగెత్తేలా చెయ్యాలట.

"బురదలో ఎల్లాల్సిన బండిని బజార్లో తిప్పుతావేటిరా?" అన్నాడు ఆమోసు.

"నాను తిరిగేది ప్రేమ్ బజారూ, గోల్ బజారూనే గదా అంకుల్. ఇక్కడ కొండలేటున్నాయి ఎక్కడానికి?"

ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే ఆమోసుకి ఆ మనిషి ఇంకాస్త నచ్చలేదు.

జెఫ్రీ, చనిపోయిన రైల్వే గార్డు శామ్ కొడుకు. ముప్ఫై నాలుగేళ్ళు. ప్రేమ్ బజార్లో తండ్రి కట్టిన ఇల్లుంటే గదులు చదువుకునే పిల్లలకి అద్దెకిచ్చి, ఇస్త్రీ చొక్కా నలగకుండా బతుకుతున్నాడు. అరచేతిలో ఒక కాయ కాసిన గుర్తు లేదు. స్పానర్ ఎటు పట్టుకోవాలో తెలీదుగానీ, ఫోన్లో నాలుగు వీడియోలు చూసి బండి బరువు గురించీ ఒరుగు గురించీ మాట్లాడతాడు. ఇలాంటివాళ్ళని చూస్తే ఆమోసుకి పెళ్ళిలో ఫొటో కోసం గరిటె పట్టుకుని నిలబడే బంధువులు గుర్తొస్తారు.

నిజానికి ఆమోసు చిన్నచూపుకి జెఫ్రీ ఒక్కడే నోచుకోలేదు. బెంగాల్‌లోని ఆ రైల్వే ఊరి వర్క్‌షాప్‌లో ముప్ఫయ్యారేళ్ళు రైలు కోచీల కింద ఉండే స్ప్రింగులు చేసి రిటైరైన మనిషి ఆయన. ఎర్రగా కాలిన ఉక్కు రంగు చూసి వేడెంతో చెప్పేవాడు. అందుకని ఉక్కు తెలియనివాళ్ళంతా ఆయన దృష్టిలో సగం మనుషులే. రోడ్డు పక్క మెకానిక్కులు నట్లు విప్పేవాళ్ళు. కాలేజీ క్యాంపస్‌లో ఇంజనీరింగు చదివే పిల్లలు కాయితం పురుగులు. చర్చిలో ఫ్యాను బాగుచేయించలేని కమిటీవాళ్ళ సంగతి సరేసరి.

అయినా పని ఒప్పుకున్నాడు. ట్రాఫిక్ అనే రైల్వే పేటకి ఆనుకుని ఆయన కట్టుకున్న ఇంటి పెరట్లో రేకుల షెడ్డు ఉంది, కొలిమి ఉంది, పొద్దు పోవడమే లేదు.

నెలన్నర పట్టింది. బండి బరువు మోసే కమాను స్ప్రింగులు విప్పి, అక్కర్లేని పట్టీలు తీసేసి, మిగిలినవాటిని కొలిమిలో పెట్టి వంపు తగ్గించి, మళ్ళీ పదును పెట్టాడు. అరిగిపోయిన బుష్షులన్నీ మార్చాడు. మలుపుల్లో బాడీ ఒరగకుండా ముందు పక్క లావుపాటి కడ్డీ బిగించాడు. ముందు చక్రాలకి పాత డ్రమ్ముల బదులు డిస్కు బ్రేకులు ఎక్కించాడు. జీపు నాలుగంగుళాలు కిందికి దిగింది. ఎక్కడా ఒక్క వెల్డింగు అతుకు కూడా వంకరగా లేదు. వెధవ పని అనుకుంటూనే చేశాడుగానీ, వెధవగా చెయ్యడం ఆయనకి చేతకాదు.

జెఫ్రీ రోజూ పొద్దున్నే సమోసాల్లాంటి సింగాడాల పొట్లంతో వచ్చేవాడు. చిన్న నోటుపుస్తకం తీసి, "ఈ పట్టీ ఎందుకు తీసేసినారు అంకుల్? ఈ కడ్డీ లేకపోతే ఏటవుతాది?" అని అడిగేవాడు.

"రాసుకుని ఏటి సేస్తావు? పరీచ్చకెల్తావా?" అనేవాడు ఆమోసు. జెఫ్రీ నవ్వేసి అది కూడా రాసుకునేవాడేమో అనిపించేది.

బండి సిద్ధమయ్యాక ఆమోసే ముందు ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. మలుపులో జీపు రైలు పెట్టెలా నిటారుగా తిరిగింది. ఆయన మొహంలో సంతోషం భార్య రూతుకి తప్ప ఎవరికీ కనపడలేదు.

వారం తిరక్కుండానే జెఫ్రీ వచ్చాడు. "అంకుల్, బండి సూపర్‌గా ఉంది. గానీ గట్టిగా బ్రేకేస్తే ఎడమకి లాగేస్తంది."

"టైర్లో గాలి సూసుకున్నావా?"

"సూసినాను."

"మళ్ళీ సూసుకో."

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. ఆమోసు విసుక్కుంటూ చక్రాలు విప్పి బ్రేకులు చూశాడు. రెండు పక్కలా సమానంగా పడుతున్నాయి. "ఒక సెయ్యి స్టీరింగు మీద, ఒక సెయ్యి ఫోను మీద పెట్టి తోల్తే ఏ బండైనా ఎడమకే ఎల్తాది" అన్నాడు. చక్రాలు బిగించేదాకా ఉండి జెఫ్రీ బండి తీసుకెళ్ళిపోయాడు.

మూడోసారి ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వాకిట్లో అడిగాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. వింటున్నారు. ఆమోసుకి ఊపొచ్చింది.

"బండికి రోగం లేదురా బాబూ. నీ కాలికుంది. బ్రేకు తొక్కడం రాపోతే టోటో రిక్షా ఎక్కి తిరుగు."

అందరూ నవ్వారు. జెఫ్రీ కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇంటికొచ్చేదాకా ఆ మాటని తలుచుకుని ఆమోసు రెండుసార్లు తనలో తను ముసిముసిగా నవ్వుకున్నాడు.

ఆ బుధవారం రూతు ప్రేమ్ బజార్లో ఉన్న చెల్లెలు ఎలీసమ్మని చూడ్డానికి బయల్దేరింది. దారిలో జెఫ్రీ కనిపించి జీపెక్కించుకున్నాడు. గంట తిరక్కుండానే రూతు చెప్పులు దుమ్ము కొట్టుకుని నడిచి ఇంటికొచ్చింది.

"ఏటైంది?" అన్నాడు ఆమోసు.

రూతు మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పింది. ముందు వెళ్తున్న టోటో ఉన్నట్టుండి ఆగిపోయిందట. జెఫ్రీ బ్రేకు తొక్కాడట. జీపు ఎడమకి ఒక్క గెంతు గెంతిందట. ఆ పక్కన సైకిల్ మీద వెళ్తున్న చదువుకునే పిల్ల కింద పడింది. మోచెయ్యి గీరుకుపోయింది, సైకిల్ ముందు చక్రం వంగిపోయింది.

"జనం పోగైపోనారు. ఆ జెఫ్రీ ఏటన్నాడో తెలుసా? 'తప్పు నాదే, నాకు బ్రేకు తొక్కడం రాదు' అన్నాడు. దండం పెట్టినాడు ఆ పిల్లకి."

"మరి రాదు గదా."

"రెండు సేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. పక్కన కూకుని సూసినాను. బండే లాగింది. నువ్వు సెప్పిన మాట నమ్మి ఆడు తనమీదేసుకున్నాడు."

ఆమోసు "నీకేటి తెలుసు బళ్ళ గురించి" అనబోయాడు. రూతు అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆమోసు జీపు అడిగి తీసుకుని ఒక్కడే సలువా రోడ్డు మీదికి వెళ్ళాడు. మొదటిరోజు తిప్పినప్పుడు మలుపులు చూసుకుని మురిసిపోయాడు తప్ప, గట్టిగా బ్రేకు తొక్కి చూడలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట వేగం పెంచి, ఒక్కసారి తొక్కాడు.

జీపు ఎడమకి లాగింది. చేతిలోంచి స్టీరింగు లాక్కున్నట్టే లాగింది.

మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అంతే. మూడోసారి చక్రం మట్టిలోకి దిగి ఆగింది. దిగి, తువ్వాలు పరుచుకుని, బండి కింద దూరాడు. చూడాల్సింది ఎక్కువేమీ లేదు. స్టీరింగు బాక్సు నుంచి చక్రానికి వెళ్ళే రాడ్డు, బండి పాత ఎత్తుకి తగ్గట్టుగానే ఉంది. బండి నాలుగంగుళాలు దిగింది, రాడ్డు మొదలు బాక్సుతో పాటు దిగింది, చివర మాత్రం చక్రం దగ్గర పైనే ఉండిపోయి ఏటవాలుగా నిలబడింది. బ్రేకు పడి ముందు భాగం ఇంకా కుంగినప్పుడల్లా అది చక్రాన్ని పట్టి ఎడమకి తిప్పేస్తోంది. ఏ రోడ్డు పక్క మెకానిక్కయినా, ఆ నట్లు విప్పేవాడైనా, బండి దించగానే మొట్టమొదట చూసేది అదే.

ఆమోసు చూడలేదు. కోచీకి స్టీరింగు ఉండదు. ముప్ఫయ్యారేళ్ళు ఆయన స్ప్రింగులు బరువు మోశాయే తప్ప, ఎటు వెళ్ళాలన్న గొడవ పట్టాలే చూసుకున్నాయి. తెలియని పని తెలుసనుకుని చేశాడు. తెలియనివాడు మూడుసార్లు వచ్చి ఉన్నదున్నట్టు చెబితే నవ్వాడు.

బండి కిందే కాసేపు అలా పడుకుండిపోయాడు. అటుగా వెళ్తున్న ఒక రిక్షావాడు వంగి, ప్రాణముందా అని అడిగితే లేచాడు.

రెండు రోజుల్లో బాగుచేశాడు. నింపురా పాత ఇనుప సామాన్ల కొట్లో ఆ రాడ్డు మొదలుని పట్టే ఇనప చెయ్యి, సరిపోయేది ఒకటి వెతికి తెచ్చి, బాక్సుకి బిగించి, రాడ్డుని అడ్డంగా నిలబెట్టాడు. ఎన్నిసార్లు తొక్కినా జీపు గీత గీసినట్టు ఆగింది. జెఫ్రీని పిలిచి తాళం చేతిలో పెట్టాడు.

"నీ కాలికి తగ్గట్టు కొంచెం మార్చినాను" అన్నాడు.

జెఫ్రీ నడిపి చూసుకుని వచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా సేతకానితనానికి మీరు ఇంత కష్టపడినారు అంకుల్" అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఎంత చెబితే అంత నమ్మే ఈ దద్దమ్మని చూసి ఆమోసుకి మునుపటికంటే ఎక్కువ అసహ్యం వేసింది. అది దద్దమ్మ మీదేనా అన్నది ఆయన విచారించలేదు.

వంటింటి గుమ్మంలోంచి రూతు అంతా విన్నది. జెఫ్రీ వెళ్ళాక బయటికొచ్చింది.

"కాలికి మార్చినావా?"

ఆమోసు పనిముట్లు సర్దుకుంటున్నాడు.

"బండి కింద పడుకుని వచ్చిన నాటి నుంచి నీ మొకం సూస్తన్నాను. ఆ గుంటడు నిన్ను ఎక్కడో పైన కూకోబెట్టినాడు. నువ్వు ఎవుడివో నాకు తెలుసు గదా" అంది. గొంతు పెంచలేదు. ఇన్నాళ్ళూ ఊరందరి మీదా తను విసిరిన చూపు ఎలా ఉంటుందో ఆమోసుకి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత మూడు రోజులూ ఆమె కంచం ముందు పెట్టిందే తప్ప, తిన్నావా అని అడగలేదు.

నాలుగో రోజు ఆమోసు చొక్కా వేసుకుని ప్రేమ్ బజార్ వెళ్ళాడు. జెఫ్రీ గేటు దగ్గర జీపు తుడుచుకుంటున్నాడు.

"నీ కాలికేటీ లేదు. రాడ్డు నాను సూడలేదు. తప్పు నాది" అన్నాడు ఆమోసు. ఒక్క ఊపిరిలో అనేశాడు.

జెఫ్రీ తుడవడం ఆపాడు. గుడ్డని మడిచి, మళ్ళీ మడిచాడు.

"మూడుసార్లు సెప్పినాను."

"ఊఁ."

"సర్చి కాడ అందరూ నవ్వినారు. అది పోనీ. ఆ పిల్ల బస్సు కింద పడుంటే?"

ఆమోసు జీపు ముందు చక్రం వైపు చూశాడు.

"ఎక్కండి" అన్నాడు జెఫ్రీ.

క్యాంపస్ గేటు దగ్గర, పుస్తకాల కొట్టు ముందు ఆ పిల్ల కనిపించింది. మోచేతికి ఇంకా పట్టీ ఉంది. "ఈమెకి సెప్పండి" అని జెఫ్రీ పక్కకి తప్పుకున్నాడు. నలభయ్యేళ్ళుగా వాడుతున్న బెంగాలీ ఆ క్షణాన ఆమోసుకి నోటికి రాలేదు. దోష్ ఆమార్, తప్పు నాది, బండి నేను చేశాను, రాడ్డు, అంటూ చేతులతో గాల్లో ఏటవాలు గీశాడు. ఎవరో ముసలాయన తనకెందుకు స్టీరింగు పాఠం చెబుతున్నాడో ఆ పిల్లకి అర్థం కాలేదు. "ఠీక్ ఆఛే, కాకూ" అని ఫరవాలేదన్నట్టు తలూపి, క్లాసుకి టైమవుతోందని సైకిలెక్కి వెళ్ళిపోయింది. కొట్టువాడు నవ్వాపుకోవడం ఆమోసు చూశాడు.

జెఫ్రీ ఆయన్ని ఇంటిదాకా దింపాడు. ఒకచోట ఆవు అడ్డొస్తే గట్టిగా బ్రేకు తొక్కాడు. జీపు ఎటూ బెణక్కుండా నిలబడింది. ఇద్దరూ ఆ సంగతి గమనించారు.

ఇంటి ముందు ఆమోసు దిగాడు.

"ఇకనుంచి బండి పని నానే సూసుకుంటాను. రాసుకున్నాను గదా" అన్నాడు జెఫ్రీ. అంకుల్ అనలేదు.

జీపు కదిలింది. మలుపు దగ్గర గేరు మారుస్తుంటే కర్రుమని పళ్ళు రాసుకున్న చప్పుడు వినిపించింది. క్లచ్ పూర్తిగా తొక్కడం కూడా రాదు వీడికి, అనుకున్నాడు ఆమోసు. ఆ ఒక్కటీ దొరికినందుకు కొంచెం తెరిపిన పడి, గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు.