ముందస్తు సంతకం

నా భయం ఒక్కటే. పింఛను వయసు వచ్చేలోపే మా అత్త ఊపిరి ఆగిపోతుందని.

అత్త మిల్లులో, మగ్గాల షెడ్డులో పని చేస్తుంది. బడి మధ్యలో మానేసి నేనూ అక్కడే చేరాను. చంటిది పుట్టాక మానేశాను గానీ, అది పాలు మరవగానే మళ్లీ ఆ గేటు లోపలికి పోవాల్సినదాన్నే. షెడ్డులో గాలి కంటే దూది దుమ్మే ఎక్కువ. ఇంట్లో అత్త దగ్గితే చంటిది నిద్రలో ఉలిక్కిపడుతుంది. గొంతులో పోగు ఇరుక్కుందిలే అని అత్త నవ్వేస్తుంది.

ఈ ఏడాది ప్రభుత్వం పింఛను వయసు పెంచుతానంది. జనం ఆయుష్షు పెరిగిందట, ఖజానా మోయలేకపోతోందట. ఎవరి ఆయుష్షు పెరిగిందో చెప్పలేదు. మా షెడ్డు నుంచి రిటైరై మనవల పెళ్లిళ్లు చూసినవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. పెంచే ముందు మాకో వెసులుబాటు ఇచ్చింది. ఇప్పుడే సంతకం పెడితే వెంటనే పింఛను మొదలవుతుంది. కాకపోతే సగమే. చచ్చేదాకా ఆ సగమే.

కార్మిక సంఘం మీటింగు మిల్లు క్యాంటీన్లో పెట్టారు. గోదాములో నూలు కండెలు మోసే బాబాయి లేచి, ఎవరూ సంతకం పెట్టొద్దన్నాడు. మనలో ఎక్కువమంది పెడితే చాలు, ఈ మార్పు కార్మికులే కోరుకున్నారని చట్టసభలో చూపించి, మిగతా అందరి వయసూ పెంచేస్తారన్నాడు. చాలామంది తలలూపారు. నాకు ఒళ్లు మండింది. చంటిదాన్ని చంకనేసుకుని లేచాను.

"నీకేం బాబాయ్, గోదాములో చల్లగా ఉంటావు. దుమ్ము మింగేది మా అత్త. నీ పోరాటానికి ఆవిడే దొరికిందా? సగమైనా బతికుండగా తిననివ్వండి."

బాబాయి కోప్పడలేదు. "నువ్వన్నదాంట్లో తప్పులేదమ్మాయ్. సగం కడుపుతో బతకమన్నవాడిది తప్పు. రేపు నువ్వూ ఆ మగ్గం దగ్గరే నిలబడతావు. అప్పటికి నీ వయసు ఎంతకి పెంచుతారో అడిగావా?"

చంటిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. ఇంటికెళ్లే దారంతా సంతకం పెట్టమని అత్తను బతిమాలాను. చూద్దాం లేవే అంది, అంతే.

సంతకాల రోజున అందరినీ మిల్లు హాల్లోకి తోలారు. సంఘం వాళ్లను గేటు బయటే ఆపేశారు. వరసగా కూర్చోబెట్టి, ఎవరైనా నోరు తెరిస్తే బయటికి పంపుతామన్నారు. ఒకళ్లనొకళ్లు ఎగదోసుకుంటారట. అత్తకు ఆరోగ్యం బాగోలేదని తోడుగా నన్ను రానిచ్చారు. బల్ల వెనక కుర్ర ఆఫీసరు వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం మెత్తగా చెబుతున్నాడు. చేతికందింది వదులుకోకండమ్మా, రేపెవరు చూశారు అని.

అతనికి మా సంగతి తెలియదు. మగ్గాల మోతలో మాట వినపడదు. అందుకే మా షెడ్డులో అందరం పెదవులతోనే మాట్లాడుకుంటాం. పెళ్లి సంబంధాలు, అత్తాకోడళ్ల తగువులు, మేస్త్రీకి పెట్టే శాపనార్థాలు, అన్నీ అలాగే. ఆ హాల్లో, వాళ్ల ముక్కు కింద, చప్పుడు లేకుండా మా మీటింగు జరిగింది. నువ్వు పెట్టావా అని వెనక వరస అడిగింది. లేదంది ముందు వరస. కూతురి ఆపరేషన్ ఉంది, పెట్టక తప్పదని ఒకామె కళ్లు తుడుచుకుంది. ఆగక్కా, అందరం తలో చెయ్యీ వేస్తామని నాలుగు వైపుల నుంచీ పెదవులు కదిలాయి. ఈ కుర్రాడికి మీసం వచ్చేలోపు మనల్ని సాగనంపేలా ఉన్నాడని ఇంకొకామె అంటే నవ్వు ఆపుకోలేక చచ్చాం. పాపం, దేవుణ్ణి తలుచుకుంటున్నారని ఆఫీసరు పక్కనున్న గుమాస్తాతో అన్నాడు.

అత్త వంతు వచ్చింది. కలం పట్టుకుని నా వైపు తిరిగింది.

"పెట్టెయ్ అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా." పెదవులతోనే అన్నాను.

"నా ఒక్కదాని సంతకమైతే ఎప్పుడో పెట్టేదాన్నే. ఇందులో నీదీ ఉంది, నీ చంకలో పిల్లదీ ఉంది. ఆ సంతకం నన్ను పెట్టమనకు."

కలం బల్ల మీద పెట్టేసింది. హాలంతా చదివింది ఆ మాట. ఒక్కొక్కరే లేచి, బల్ల ముందుకొచ్చి, నేల మీద కూర్చున్నారు. కూతురి ఆపరేషనామె కూడా. పూర్తి పింఛను, పాత వయసుకే, అది రాసిచ్చేదాకా కదిలేది లేదన్నారు. ఈసారి గొంతు విప్పి అన్నారు. నేనూ వెళ్లి అత్త పక్కన కూర్చున్నాను. ఏడుస్తూనే కూర్చున్నాను.

సాయంత్రం పోలీసులు వచ్చారు. చంటిపిల్ల ఉందని నన్ను పక్కకు నెట్టేశారు. అత్తను వ్యాను ఎక్కిస్తుంటే దగ్గు తెర ఆగలేదు. తెల్లారేసరికి మూడు షిఫ్టుల వాళ్లూ మగ్గాలు ఆపేశారు. పక్క మిల్లూ ఆగింది. కండెల బాబాయి గేటు ముందు నుంచి లేవలేదు.

అత్తను పెద్దాసుపత్రిలో ఖైదీల వార్డులో ఉంచారట. చంటిపిల్లతో లోపలికి రానిచ్చేది లేదన్నారు. చదువుకుంటున్న పిల్లలూ, పనికి పోయే అన్నలూ, మీలో ఎవరికైనా అటు దారి పడితే ఒక్కసారి లోపలికి వెళ్లి మా అత్తను చూడండి. వెల్లకిలా పడుకోబెడితే ఆవిడకు ఊపిరాడదు. పడుకోబెట్టి ఉంటే లేపి, వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టండి. ఎలా ఉందో నాకొచ్చి చెప్పండి. నేను మిల్లు గేటు దగ్గరే ఉంటాను.