మామగారి పళ్ళు గడ్డకట్టిన రోజు

ఆ ఇంట్లో మామగారి మాటకు తిరుగు లేదు, నోట్లో పళ్ళుంటే. కట్టుడు పళ్ళు తీసేశాక అన్న మాట చెల్లదని ఆయనే ఎప్పుడో షరతు పెట్టాడు. నిద్రమత్తులో భార్యకు గొలుసు చేయిస్తానని నోరు జారి, తెల్లారాక తప్పించుకోడానికి అలా అన్నాడు. గొలుసు రాలేదు గానీ, ఆ షరతును మాత్రం అత్తగారు గొలుసుకన్నా భద్రంగా దాచుకుంది.

కోడలికి కుట్టుపని షాపులో ఉద్యోగం వచ్చేలా ఉంది. వంటిల్లు మళ్ళీ తన మెడకు చుట్టుకుంటుందని అత్తగారి బెంగ. "షాపావిణ్ణి పొద్దున రమ్మనమ్మా, పళ్ళు పెట్టుకుని నిన్ను పంపుతానని నేనే చెప్తా," అన్నాడు మామగారు పడుకోబోతూ కోడలితో.

పొద్దున చూస్తే పళ్ళ గ్లాసు లేదు. కోడలు ఇల్లంతా గాలించి చివరికి ఫ్రీజర్ తెరిచింది. బఠాణీల సంచి పక్కనే ఉంది గ్లాసు. నీళ్ళు గడ్డకట్టి ఉబ్బేసరికి గాజు నిలువునా చీలింది. మంచుగడ్డలోంచి రెండు వరసల పళ్ళూ ఆమెను చూసి ఇకిలిస్తున్నాయి.

"అయ్యో, తాగే నీళ్ళనుకున్నానే!" అంది అత్తగారు, కన్నార్పకుండా.

"వేణ్ణీళ్ళు పొయ్యనా మామయ్యా?"

మామగారు బోసినోటితో లబలబలాడాడు. వేడి తగిలితే సెట్టు వంకరపోతుందని పళ్ళ డాక్టరు ముందే చెప్పాడు. సుత్తి మాటెత్తగానే ఆయనకు కళ్ళనీళ్ళొచ్చాయి. కొడుకు గాజు పెంకులు ఒలిచేసి, కరిగిద్దామని గడ్డను చంకలో పెట్టుకుని, "బాబోయ్!" అని ఎగిరి పెళ్ళాం చేతిలో పెట్టేశాడు. ఆమె దాన్ని తువ్వాలులో చుట్టి, పొదిగే కోడిలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అంతలో షాపావిడ రానే వచ్చింది. "ఏమండీ పెద్దాయనా, పంపుతున్నట్టేనా? ఇంకో అమ్మాయి కూడా అడుగుతోంది."

మామగారు గబగబా తలూపాడు.

"పళ్ళు లేకుండా ఊపితే చెల్లదు," అంది అత్తగారు.

"ఒక్క నిమిషమండీ, కరుగుతున్నాయి," అంది కోడలు.

షాపావిడ చాలా సాకులు విన్నది గానీ ఇది కొత్త. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

నేల మడుగయ్యాక, పై వరస ఊడి తువ్వాల్లోకి జారింది. మామగారు దాన్ని లాక్కుని తగిలించుకుని, "పంపిస్తున్నా!" అని కేక పెట్టాడు.

"కింది వరస ఇంకా ఒప్పుకోలేదు," అంది అత్తగారు. "సగం పళ్ళతో అన్నది సగం మాటే."

అందరూ ఆలోచించారు. అందులో తప్పు ఎవరికీ దొరకలేదు.

"అయితే సగం రోజే వెళ్తా," అంది కోడలు.

"సరే, మధ్యాహ్నం దాకా రా," అంది షాపావిడ లేస్తూ. "మిగతాది కరిగాక కబురు చెయ్యి."

ఆవిడ గడప దాటిందో లేదో, అత్తగారు మిగిలిన గడ్డను చేతిలోకి తీసుకుని చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి నడిచింది. అక్కడ కోడలు అప్పటికే ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది.

"ఇలా ఇవ్వండత్తయ్యా, చేతులు కొంకర్లు పోతాయి."

"నాకేం చలి లేదు," అంది అత్తగారు. ఆమె వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.